600 మీటర్ల స్కూలుకు 3.4 కిలోమీటర్ల దారి ఎందుకైంది?

మీరు అడిగింది ఇదీ. బెంగళూరులో గుంజూరు వైపు కొత్త గేటెడ్ కమ్యూనిటీలో మూడు బెడ్‌రూముల ఫ్లాటు ఒకటి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పాత బిల్డింగులో రెండు బెడ్‌రూముల ఫ్లాటు ఒకటి, ధర ఇంచుమించు సమానం. గుంజూరు ఫ్లాటు బాల్కనీలో నిలబడితే పాపను చేర్పించాలనుకుంటున్న స్కూలు కళ్లెదుటే కనిపిస్తుంది. మ్యాపులో గీత గీస్తే 600 మీటర్లు, కారు దారి మాత్రం 3.4 కిలోమీటర్లు. "ఊరు నిండేకొద్దీ లోపలి రోడ్లన్నీ కలిసిపోతాయి సార్, ఐదేళ్లు ఓపిక పట్టండి" అని బ్రోకరు అంటున్నాడు. నిజమేనా?

కాదు. ఊరు నిండేకొద్దీ రోడ్లు కలవవు, కలపడానికి మిగిలిన చోటు కూడా పోతుంది. బ్రోకరు తిరగేసి చెప్పాడు.

నాది హిందూపురం. 1996లో బెంగళూరు వచ్చి లేఅవుట్ ప్లాన్లు గీసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. అప్పట్లో ట్రేసింగ్ పేపరు, ఇంకు పెన్నులు, తప్పు గీస్తే బ్లేడుతో గీకడం. ఇప్పుడు అంతా కంప్యూటరే, నేనూ గీసే కుర్చీలోంచి దిద్దే కుర్చీకి మారాను. పని మాత్రం అదే. మీరు చెబుతున్న లాంటి అడ్డుగోడల్లో ఒకటి నా చేతి మీదుగానే లేచింది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

చిన్నప్పుడు అరుగు మీద సుద్దతో గీసుకుని పులి-మేక ఆడే ఉంటారు. ఆ పటంలో గీతలు ఎక్కువగా కలిసే చోట నిలబడ్డ పులిని కట్టెయ్యడం కష్టం. ఒక మేక అడ్డం వస్తే ఇంకో గీత మీదుగా తప్పుకుంటుంది. అదే పులి అంచుకు, రెండు మూడు గీతలే ఉన్న చోటికి పోయిందా, చిక్కినట్టే. వీధుల అనుసంధానం అని మావాళ్లు పెద్ద పేరు పెట్టి కొలిచేది అచ్చంగా దీన్నే. ఒక్కో కూడలి నుంచి ఎన్ని దారులు బయల్దేరుతున్నాయి? నాలుగు రోడ్ల కూడలికి 4, టీ జంక్షన్‌కు 3, గోడకు కొట్టుకుని ఆగిపోయే వీధి చివరకు 1. ఒక ప్రాంతంలో వీటన్నిటికీ సగటు తీస్తే అక్కడ బతుకు ఎలా ఉంటుందో సగం తెలిసిపోతుంది.

రెండో కొలత మీరే తీసేశారు. అసలు దారిని నేరు దూరంతో భాగించడం. 3.4ని 0.6తో భాగిస్తే ఐదున్నర రెట్లు దాటింది. పూర్తిగా చదరపు గళ్లుగా వేసిన ఊళ్లో ఇది ఎంత చుట్టు తిరిగినా సుమారు 1.4 రెట్లు మించదు. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాల మీదుగా నడిచినా కర్ణానికి అంతకన్నా ఎక్కువ కాదు, ఎనిమిదో తరగతి లెక్కే.

మూడోది వీధుల చిక్కదనం. చదరపు కిలోమీటరుకు కనీసం 18 కిలోమీటర్ల వీధులు ఉండాలనీ, నేలలో 30 శాతం వీధులకే వదలాలనీ నగరాల సంగతి చూసే ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్-హాబిటాట్ చెబుతుంది. ఆ 18 ఎక్కడిదో కాగితం మీద గీస్తే తెలుస్తుంది. కిలోమీటరు గడిలో నిలువుగా 9 వీధులు, అడ్డంగా 9 వీధులు, అంటే ఇంచుమించు ప్రతి 110 మీటర్లకూ ఒక వీధి, మొత్తం 81 కూడళ్లు. ఇది విదేశీ లెక్క అనుకోకండి. ఒక ఆదివారం పొద్దున జయనగర్ ఫోర్త్ బ్లాక్ చుట్టుపక్కల నడిచి అడుగులు లెక్కపెట్టుకోండి.

బెంగళూరుకు ఇది తెలియని విద్య కాదన్నది నా బాధ. 1537లో కెంపేగౌడ వేయించిన పేటలో దొడ్డపేట, చిక్కపేట వీధులు ఒకదాన్నొకటి కోసుకుంటూ సాగాయి. ఆ దొడ్డపేటే ఇప్పటి అవెన్యూ రోడ్డు. చుట్టూ అక్కిపేట, బళేపేట లాంటి వర్తకుల పేటలు. 1898లో ప్లేగు వచ్చి జనం రాలిపోయినప్పుడు, కిక్కిరిసిన పేటలోంచి మనుషుల్ని బయటికి తేవడానికి మల్లేశ్వరం, బసవనగుడి వేశారు. గాలి వెలుతురు ఆడేలా వెడల్పు వీధులు, ఇళ్ల వెనక చెత్త బళ్లు తిరగడానికి కన్సర్వెన్సీ సందులు. మల్లేశ్వరంలో సంపిగె రోడ్డు, మార్గోసా రోడ్డు నిలువుగా పోతుంటే ఎనిమిదో క్రాస్, పదిహేనో క్రాస్, పద్ధెనిమిదో క్రాస్ అంటూ అడ్డవీధులు వరసగా వస్తాయి. 1945లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ బోర్డు వచ్చింది, 1948లో జయనగర్‌కు పునాది పడింది, 1976లో ఆ బోర్డు స్థానంలో బెంగళూరు అభివృద్ధి సంస్థ (బీడీఏ) వచ్చింది. మీరు చూస్తున్న హెచ్‌ఎస్‌ఆర్ కూడా బీడీఏ వేసిందే. ఎవరేమన్నా, ఆ గీతలు గీసినవాళ్లకు రోడ్డు అంటే ఏమిటో తెలుసు.

ఆ పాత పేటల చిరునామా చూడండి. పదకొండో మెయిన్, ముప్పైమూడో క్రాస్. చిరునామాలోనే దారి ఉంది. ఎవర్నీ అడగకుండా అంకెలు లెక్కపెట్టుకుంటూ ఇల్లు చేరొచ్చు. కొత్త చిరునామాలు ఎలా ఉంటున్నాయి? "ఆఫ్ సర్జాపుర రోడ్", "ఆఫ్ హరళూరు రోడ్". ఆ "ఆఫ్" అన్న మాట వినగానే నాకు నవ్వొస్తుంది. పెద్ద రోడ్డు తప్ప చెప్పుకోవడానికి ఇంకో రోడ్డు లేదని ఒప్పుకోవడమే అది.

ఎక్కడ తప్పిందో చెప్పాలంటే పొలాల దగ్గరికి పోవాలి. 2001 జనాభా లెక్కలకు 57 లక్షలున్న నగర ప్రాంతం 2011కల్లా 85 లక్షలైంది. ఆ వచ్చినవాళ్లలో మనవాళ్లు ఎందరో మారతహళ్లిలో పీజీల బోర్డులు, శుక్రవారం రాత్రి ట్రావెల్స్ బస్సుల కోసం నిలబడే గుంపులు చూస్తే తెలుస్తుంది. బీడీఏ లేఅవుట్లు వేసే వేగం ఈ రద్దీని అందుకోలేదు. కాబట్టి ఇళ్లు పొలాల మీద, ఒక్కో సర్వే నంబరు విడివిడిగా లేచాయి. కొన్ని సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్చే అనుమతి తీసుకుని, కొన్ని ఆ అనుమతి లేని రెవెన్యూ సైట్లుగా, కొన్ని గ్రామఠాణాలో. మన దగ్గర గ్రామకంఠం అనేదాన్నే ఇక్కడ గ్రామఠాణా అంటారు.

ఈ వైపు పొలం తరచూ ఒక పట్టీలా ఉంటుంది. ఒక చివర రోడ్డుకు ఆనుకుని, లోపలికి పొడవుగా. కొన్న బిల్డరు నడిమధ్యన ఒక రోడ్డు వేసి, అటూ ఇటూ సైట్లు కొట్టి, చివర గోడ కట్టేస్తాడు. పక్క పట్టీ కొన్నవాడూ అదే చేస్తాడు. ఇలా ఇరవై మంది చేశాక పైనుంచి చూస్తే దువ్వెనలా ఉంటుంది. పళ్లన్నీ వెన్నులోంచే బయల్దేరతాయి, ఒక పన్ను మీంచి పక్క పన్ను మీదికి పోవాలంటే మళ్లీ వెన్నుకు రావాల్సిందే. గుంజూరు, బళగెరె, కసవనహళ్లి, ఎటు చూసినా దువ్వెనలే. మీ స్కూలు పక్క పన్ను మీద ఉంది, అంతే.

మరి చివర రోడ్డు ఎందుకు వదలరు? నా తప్పు దగ్గరికి వచ్చాం. 2003లో సర్జాపుర రోడ్డుకు లోపల ఒక 11 ఎకరాల ప్లాను నాకిచ్చారు. రేపు పక్క పొలం లేఅవుట్ అయితే కలుస్తుందని తూర్పు హద్దు దాకా 40 అడుగుల రోడ్డు గీశాను. ప్లాను చూసిన పెద్దమనిషి వేలు అక్కడే పెట్టాడు. "ఇక్కడ మూసెయ్యి, అడ్డంగా ఒక థర్టీ ఫార్టీ సైటు వస్తుంది. పక్కోడి పొలానికి మనమెందుకు దారివ్వాలి, వాడి రేటు పెంచడానికా?" బ్లేడు తీసుకుని గీకేశాను. ఉద్యోగం కొత్తది కాదు, ఎదురు చెప్పే ధైర్యం లేక అంతే. రెండేళ్లకు పక్క పొలమూ లేఅవుట్ అయింది. వాళ్ల రోడ్డు సరిగ్గా మా గోడకు అవతలి వైపు వచ్చి ఆగింది. మధ్యలో ఉన్నది ఒక సైటు లోతు, 12 మీటర్లు. ఇవతలివాళ్లు అవతలి కూరగాయల అంగడికి పోవాలంటే ఈ రోజుకీ 1.9 కిలోమీటర్లు తిరిగి రావాలి, అందులో సగం సర్జాపుర రోడ్డు మీద. ఆ రోడ్డు ట్రాఫిక్‌లో ఎంత వంతు ఇలా కొత్తిమీర కట్టకోసం బయల్దేరిన బండ్లో అని సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా అనుకుంటాను.

విచిత్రమేమంటే పొలాలుగా ఉన్నప్పుడు ఇక్కడ దారులు ఇంతకన్నా మెరుగ్గా కలిసేవి. గోదావరి వైపు పుంత అంటారు, గుంటూరు వైపు డొంక, మావైపు బండి బాట. ఇక్కడి రెవెన్యూ గ్రామ పటాల్లో "బండిదారి" అని చుక్కల గీతతో ఉంటుంది. ఊరి నుంచి చెరువుకు, చెరువు నుంచి పక్క ఊరికి. సేద్యానికి పనికిరాని ఖరాబు భూమి కింద రాస్తారు, అందులో బి-ఖరాబు ప్రజలది, ఎవరూ అమ్ముకోవడానికి లేదు. కాలువలూ అదే పద్దు కింద ఉంటాయి. ప్లాటు పక్కన పనికిరాని పట్టీలా కనిపించే ఆ బాటను కొందరు మెల్లగా లోపలికి కలిపేసుకున్నారు. వాన నీళ్లు మోసే పెద్ద కాలువలు, రాజకాలువల ఆక్రమణ గురించి పత్రికలు రాస్తాయి, ఎందుకంటే కాలువ మూస్తే నీళ్లొచ్చి తలుపు తడతాయి. బండిదారి మూస్తే ఏదీ తలుపు తట్టదు, అందరూ కొంచెం చుట్టు తిరుగుతారు, అంతే.

చిన్న గోడల కథ ఇది. పెద్ద గోడలు వేరే. వైటుఫీల్డు నుంచి ఊళ్లోకి వచ్చేవాళ్లకు హెచ్‌ఏఎల్ విమానాశ్రయం ఒక గోడ, రక్షణ శాఖ భూములు ఒక గోడ, దాదాపు 900 ఎకరాల బెళ్లందూరు చెరువు ఒకటి. చెరువును తప్పు పట్టడం లేదు, అది మనకంటే ముందు నుంచీ ఉంది. సేలం వైపు పోయే రైలు పట్టాలు ఇంకొకటి. వాటిని దాటడానికి ఉన్న చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టే పనత్తూరు రైల్వే బ్రిడ్జి కింద రోజూ ఆ తిరునాళ్ల. వీటికి మేం చేతులారా చేర్చినవి టెక్ పార్కులు. 60 ఎకరాల పార్కుకు చుట్టూ ప్రహరీ కట్టారంటే పక్కకు దాదాపు అర కిలోమీటరు చొప్పున, చుట్టుకొలత రెండు కిలోమీటర్లు. జయనగర్‌లో అంత చోటులో కూడళ్లు ఎన్నుంటాయో ఊహించుకోండి. ఇక్కడ సున్నా. లోపల చక్కటి రోడ్లుంటాయి, మొక్కలుంటాయి, మెడలో కార్డు లేనివాడికి అవి మ్యాపులో కనిపించే బొమ్మ మాత్రమే. చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఉండే మా తమ్ముడు ఇదే పాట పాడతాడు. అక్కడ బకింగ్‌హామ్ కాలువ అడ్డం, సముద్రం వైపున్న ఈసీఆర్ రోడ్డుకు పోవాలంటే వంతెన ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఇన్ని దువ్వెనల్నీ మోసేది ఔటర్ రింగ్ రోడ్డు. ఊళ్లోకి రాకుండా లారీలు పక్కనుంచి పోవడానికి బీడీఏ వేసిన సుమారు 60 కిలోమీటర్ల రోడ్డు అది. సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం దాకా ఉన్న 17 కిలోమీటర్ల ముక్క ఇప్పుడు ఆఫీసుకు, ఆస్పత్రికి, పెళ్లికి, పాల పాకెట్టుకు కూడా దారి అయి కూర్చుంది. పక్కన సమాంతరంగా ఇంకో దారి లేదు మరి. అలాంటి రోడ్డుకు ఒక్క లారీ అడ్డంగా ఆగితే పులి కట్టుబడ్డట్టే. 2022 సెప్టెంబరు వానలు గుర్తుండే ఉంటాయి. బెళ్లందూరు, యమలూరు, సర్జాపుర రోడ్డు లేఅవుట్లలో నీళ్లు నిలిచి, ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి బయటికొచ్చారు. నీళ్లు రావడానికి కారణం కాలువలే, కాదనను. కానీ ఒక్కటే గేటు, ఒక్కటే రోడ్డు ఉన్న చోట ఆ ఒక్కటీ మునిగితే మిట్టమీదున్న ఇల్లు కూడా మునిగినట్టే లెక్క.

దీనికి కంటికి కనిపించని ఖర్చులు ఇంకా ఉన్నాయి. 2007లో ఏడు నగరసభలు, కెంగేరి, 110 గ్రామాలు పాత నగరంలో కలిపి బీబీఎంపీ అనే నగరపాలక సంస్థ చేశారు. ఆ 110 గ్రామాలకు నీళ్లివ్వడానికి రోజుకు 77.5 కోట్ల లీటర్ల కావేరి ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. పైపు ఎటు పోతుంది? రోడ్డు ఎటు పోతే అటే. వీధులు కలిసిన చోట పైపులు కూడా చుట్టు తిరిగి కలుస్తాయి, ఒక చోట పగిలితే ఇంకో వైపు నుంచి నీళ్లొస్తాయి. గోడ దగ్గర ఆగిపోయే వీధిలో పైపూ మొండిగా ఆగిపోతుంది. చివరి ఇంటికి ఒత్తిడి తక్కువ, నిలవ నీళ్లు, మరమ్మతు వస్తే వీధంతా బంద్. ఇక బీఎంటీసీ బస్సు దువ్వెన పన్నులోకి దూరి వెనక్కి తిరగలేదు, కాబట్టి వెన్ను మీదే ఆగుతుంది. అక్కడిదాకా నడిచే ఓపిక లేక స్కూటర్ తీస్తాం. స్కూటర్లు పెరిగాయని రోడ్డు వెడల్పు చేస్తారు.

ఇది మన ఒక్క ఊరి జబ్బు కాదు. క్రిస్టఫర్ బారింగ్టన్-లే, ఆడమ్ మిలార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు 2015లో అమెరికా వీధుల వందేళ్ల చరిత్ర తవ్వారు. అక్కడ మొండి వీధుల పిచ్చి 1990ల మధ్యలో పతాక స్థాయికి చేరి, ఆ తర్వాత తగ్గడం మొదలైందని తేల్చారు. 2020లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ పటం సమాచారంతో ప్రపంచమంతటికీ అదే పని చేశారు. వీధులు ఎంతగా తెగి ఉన్నాయో చెప్పే ఒక సూచిక తయారు చేసి చూస్తే, ప్రపంచంలో చాలా భాగాల్లో కొత్తగా పెరుగుతున్న అంచులు పాత ఊరికంటే ఎక్కువ తెగి ఉన్నాయి. అమెరికా వదిలేసిన మందు మనం కొత్తగా వేసుకుంటున్నాం అని నాకనిపించింది. ఆ పరిశోధకులు నొక్కి చెప్పిన ఇంకో సంగతి మీ ప్రశ్నకు సూటిగా తగులుతుంది. ఒకసారి పడిన వీధి గీత దాదాపు చెరగదు.

చిక్కపేటకు వెళ్తే ఇది కళ్లారా చూడొచ్చు. 1537 నాటి ఇళ్లలో ఒక్కటీ లేదు, నాలుగైదుసార్లు కూల్చి కట్టి ఉంటారు. అంగళ్లు మారాయి, ప్రభుత్వాలు మారాయి, కింద మెట్రో సొరంగం కూడా వచ్చింది. కెంపేగౌడ గీసిన గీత మాత్రం అక్కడే ఉంది. ఇళ్లు ఎవరికి వారు పడగొట్టి కట్టుకోవచ్చు. వీధి మారాలంటే దాని పక్కన ఉన్న అందరూ ఒకేసారి ఒప్పుకోవాలి. పొలంగా ఉన్నప్పుడు ఒక రైతుతో మాట్లాడితే సరిపోయేది. సైట్లుగా అమ్మాక రెండు వందల మంది, అందులో నలభై మంది అమెరికాలో, పది మంది కోర్టులో.

"మాస్టర్ ప్లాన్ లేదా మరి?" అంటారు. ఉంది. 2007లో ఆమోదించిన ప్లాను పేరు 2015 మాస్టర్ ప్లాన్. 2031 పేరుతో వచ్చిన ముసాయిదాను వెనక్కి తీసుకున్నారు కాబట్టి అదే ఈనాటికీ నడుస్తోంది. 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లు చేశారు, పాత గీతలే వాటికి వారసత్వం. నా ఫిర్యాదు ప్లాను పాతదని కాదు. అది పెద్ద రోడ్లే గీస్తుంది. 30 మీటర్లవీ 45 మీటర్లవీ రంగుల్లో కనిపిస్తాయి. ఇంటి ముందు వీధిని బిల్డరే గీసుకుంటాడు. ఈ రెంటికీ మధ్య, ప్రతి నాలుగైదు వందల మీటర్లకూ ఒకటి చొప్పున పది సర్వే నంబర్లను కోసుకుంటూ పోవాల్సిన మధ్యరకం రోడ్డు ఎవరి బాధ్యతా కాదు. జయనగర్‌లో ఉన్నదీ గుంజూరులో లేనిదీ సరిగ్గా అదే. ఫ్లైఓవర్ అయితే ప్రారంభోత్సవం ఉంటుంది, బోర్డు మీద పేరుంటుంది. గోడలో 12 మీటర్ల సందు తెరిస్తే రిబ్బను కట్టడానికి కూడా చోటుండదు.

కలిపినవాళ్లు లేకపోలేదు. గుజరాత్‌లో టౌన్ ప్లానింగ్ స్కీముల కింద ఒక ప్రాంతంలోని పొలాలన్నీ ఒక కుప్పగా చూసి, ముందు వీధులు గీసి, మిగిలిన నేలను చతురస్రాలుగా చేసి ఎవరిది వారికి కొంత తగ్గించి తిరిగి ఇస్తారు. అహ్మదాబాద్ అంచులు చాలావరకు అలా పెరిగినవే. మన అమరావతిలో 2015లో భూసమీకరణ పేరుతో వేల ఎకరాలు తీసుకున్నదీ ఇదే సూత్రం మీద. రాజకీయం ఎలా ఉన్నా గీత గీసే పద్ధతి అది. హైదరాబాదు ఆలస్యంగా మేలుకుని లింకు రోడ్ల పేరుతో తెగిన ముక్కల్ని వెతికి కలుపుతోంది. ఖర్చు ఎక్కువే, కానీ ఒక్కో చిన్న ముక్క పెద్ద రోడ్డు మీద ఎంత బరువు తగ్గిస్తుందో అక్కడ ఉండే మీ స్నేహితుల్ని అడగండి. అమెరికాలో పోర్ట్‌లాండ్ ప్రాంతంలో కొత్త కాలనీ వేస్తే ప్రతి 530 అడుగులకూ ఒక వీధి బయటికి కలవాలని నిబంధన. ఇవన్నీ చెబుతున్నది ఒకటే, కలిసిన చోటల్లా ఎవరో పనిగట్టుకుని కలిపారు.

ఇక్కడ మా ఆవిడ అడిగే ప్రశ్న మీరూ అడుగుతారు. "గోడ తీసేస్తే ఊళ్లోని బైకులన్నీ మన వాకిట్లోంచే పోతాయి, పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి?" న్యాయమైన భయం. రింగు రోడ్డు ఆగినప్పుడు మ్యాపు చూసుకుని లోపలి వీధుల్లోంచి దూసుకుపోయే క్యాబుల్ని నేనూ తిట్టుకుంటాను. పది లేఅవుట్లలో ఒక్కటే తెరిస్తే ఆ ఒక్కటీ చచ్చినట్టే, పదీ తెరిస్తే ఎవరి వీధికీ బరువు ఉండదు. ముందు ఎవరు తెరవాలన్నదే చిక్కు. అందుకే నేను కారు దారి అడగడం మానేశాను. మనిషీ సైకిలూ పట్టేంత సందు, అయిదడుగులు, మధ్యలో ఒక ఇనప స్తంభం. పిల్లలు స్కూలుకు నడుస్తారు, కార్లు రావు. నేను రోడ్డు గీకేసిన చోట లేచిన ఆ గోడలో ఇప్పుడు అలాంటి కంత ఒకటుంది, ఎవరూ మంజూరు చేయలేదు. కర్నూలు, రాయచూరు వైపు నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు రోజుకు నాలుగిళ్లు తిరగాలి. ఇటుకలు ఎవరు ఊడదీశారో తెలియదు, ఇటు రెండు సిమెంటు దిమ్మెలు, అటు రెండు. అసోసియేషన్ వాళ్లు రెండుసార్లు పూడ్చారు, రెండుసార్లూ వారంలో మళ్లీ తెరుచుకుంది. నేను చదివిన ట్రాఫిక్ రిపోర్టుల్లో దేనికీ అంత నమ్మకమైన సర్వే లేదు.

ఇంకో మాట చట్టం గురించి. సైట్లుగా విడగొట్టిన లేఅవుట్‌కు అనుమతి వచ్చేటప్పుడు లోపలి రోడ్లు, పార్కులు స్థానిక సంస్థకు రాసిచ్చేస్తారు. రాసిచ్చాక అవి ప్రజల రోడ్లే, గేటు పెట్టి పేరు రాయించుకునే హక్కు ఎవరికీ ఉండదు. కర్ణాటక హైకోర్టు కూడా అదే చెప్పింది. అపార్టుమెంటు కాంప్లెక్సులో లోపలి డ్రైవ్‌వే సంగతి వేరు, అది ఓనర్లదే. మీరు చూస్తున్నది ఏ రకమో పత్రాల్లో చూసుకోండి. "గేటెడ్" అన్న మాట బ్రోషర్‌లో ఉంటుంది, డీడ్‌లో ఉండదు.

ఇప్పుడు ఫ్లాటు సంగతి. కొనేముందు మంగళవారమో బుధవారమో పొద్దున ఎనిమిదిన్నరకు గుంజూరు వెళ్లండి, ఆదివారం బ్రోకరు తీసుకెళ్లినప్పుడు కాదు. ఆ కమ్యూనిటీ గేటులోంచి బయటికొచ్చి పెద్ద రోడ్డు తాకకుండా ఎన్ని చోట్లకు పోగలరో నడిచి చూడండి. ఒక్క మందుల షాపుకైనా, ఒక్క బస్టాపుకైనా. ఫోన్లో కర్ణాటక ప్రభుత్వ భూముల పటం చూపే దిశాంక్ యాప్ వేసుకుని అక్కడే నిలబడితే మీరున్న సర్వే నంబరు తెలుస్తుంది. స్కూలుకూ మీకూ మధ్య ఎన్ని సర్వే నంబర్లున్నాయో లెక్కపెట్టండి. ఒక్కటే ఉండి, అది ఇంకా పొలంగానే ఉంటే కొంచెం ఆశ ఉంది. ఆ గ్రామ పటం తీయించి బండిదారి చుక్కల గీత అటువైపు పోతోందేమో చూడండి, పోతుంటే ఆశ ఇంకొంచెం పెరుగుతుంది. మూడు నాలుగు నంబర్లుండి అన్నిటి మీదా టవర్లు లేచి ఉంటే ఇక ఆ స్కూలు బాల్కనీలోంచి చూసుకోవడానికే. మాస్టర్ ప్లాన్ రోడ్డు వస్తుందని చూపిస్తే దానికి భూసేకరణ అయిందా అని అడగండి, రంగు గీత మీద బండి నడవదు.

హెచ్‌ఎస్‌ఆర్ స్వర్గం కాదు. ట్వంటీ సెవెన్త్ మెయిన్ మీద సాయంత్రం పార్కింగ్ దొరకదు, కొన్ని సెక్టార్లలో వానకు నీళ్లు నిలుస్తాయి, పాత బిల్డింగు లిఫ్టు ఒకసారి ఎక్కి దిగి చూడండి. గది ఒకటి తగ్గుతుంది, అత్తగారు వచ్చినప్పుడు హాల్లో పడుకోవాలి. కానీ ఒక వీధి తవ్వితే పక్క వీధి ఉంటుంది, పాప పదేళ్లకు తనంతట తాను సైకిల్ మీద ట్యూషన్‌కు పోతుంది. నేనైతే అదే తీసుకుంటాను.

గుంజూరు మీదే మనసుంటే మాత్రం బ్రోకరు నోటిమాట వద్దు. స్కూలు వైపు గోడలో అయిదడుగుల గేటు పెట్టడానికి బిల్డరు, స్కూలువాళ్లు, మధ్య పొలం సొంతదారు ముగ్గురూ సంతకం చేసిన కాగితం చూపించమనండి. చూపిస్తే కొనండి.